ఒకే దిక్కుకు తిరిగిన మంచు

మంచుకు రంగులుంటాయి.

ఊరికే చూస్తే కనిపించవు. ముక్కను గోరు మందానికి చెక్కాలి. గాజు మీద అతికించాలి. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన, వెలుగును వడగట్టే రెండు నల్ల పలకల మధ్య దాన్ని నిలిపి, కింద దీపం పెట్టాలి.

అప్పుడు లేస్తాయి రంగులు —

వంకాయ రంగు. ముద్దపసుపు. నెమలి మెడ నీలం. పచ్చిమామిడి చెక్కు... ఒక్కో స్ఫటికానికి ఒక్కో రంగు.

గాజును కొద్దిగా తిప్పితే వెలిగినవి ఆరిపోతాయి. ఆరినవి వెలుగుతాయి.

రోజారాణి ఊపిరి బిగబట్టి చూసేది. ఊపిరి తగిలితే మంచు మసకబారుతుంది.

బయట ఎండ. ద్రాక్ష పందిరి మీద, చల్లగది రేకుల మీద, మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే కంకర రోడ్డు మీద ఎండ. లోపల ఆమె ఒంటి మీద రెండు స్వెట్టర్లు, నెత్తికి మంకీ టోపీ.

"ఎండాకాలం ఉన్ని బట్టలేసుకునే కోడలు మా ఒక్క ఇంట్లనే ఉన్నది" అని అత్త సాలమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. అందులో ఎగతాళి ఎంతో, గర్వం ఎంతో రోజారాణి ఎప్పుడూ విడదీయలేకపోయింది.

ఆ చల్లగది ద్రాక్షలది. తొంభైల్లో తోట విరగకాసిన రోజుల్లో మామ కట్టించాడు. తర్వాత కాత తగ్గింది. గది ఖాళీ పడింది. రోజారాణి పనిచేసే పరిశోధన సంస్థకు దక్షిణ ధ్రువం నుంచి ఓడ మీద మంచు ముక్కలు వచ్చాయి. అక్కడ చోటు చాలలేదు. అప్పుడు, "మనింట్ల గది పిట్టలు దూరుతందుకు తప్ప దేనికి పనికొస్తలేదు. తెచ్చుకో బిడ్డా" అన్నది సాలమ్మే.

గదిలో రెండు పెద్ద ఫ్రీజర్లు పెట్టారు. వాటిలో గొట్టాల్లా కోసిన మంచు. మంచుగడ్డ అడుగు దాకా తవ్వి తీసిన మంచు.

అడుగు నుంచి వచ్చిన ముక్కల దగ్గరే ఆమెకు భయం వేసేది.

*

మంచు కదలదనుకుంటాం.

పారుతుంది. వాగులా కాదు. చూస్తుండగా కాదు. ఒక ఖండమంత మంచు తన బరువుకు తానే ఒరుగుతూ, సముద్రం వైపు మెల్లగా... మెల్లగా... జరుగుతుంది.

ఎంత తొందరగా జరుగుతుందన్నది బరువొక్కటే చెప్పదు. లోపలి స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయో, అది చెబుతుంది.

ఒక్కో స్ఫటికం ఒక మోదుగ విస్తర్ల కట్ట. పక్క నుంచి నెడితే విస్తరి మీద విస్తరి జారుతుంది. నిలువునా నొక్కితే జారదు. పైపొరల్లో ఈ కట్టలు ఎటు పడితే అటు పడి ఉంటాయి. ఒకటి జారబోతే పక్కది అడ్డం నిలుస్తుంది. ఆ మొండితనమే మంచుకు బలం.

కిందికి పోయేకొద్దీ ఒత్తిడి. ఆగని ఒత్తిడి.

ఒక స్ఫటికం కొంచెం తిరుగుతుంది. అది తిరిగిందని పక్కది. పక్కది తిరిగిందని ఇంకొకటి. ఏదీ విరగదు. ఏదీ ఓడినట్టుండదు. ఎప్పుడు తిరిగావని అడిగితే ఏదీ చెప్పలేదు.

చివరికి కట్టలన్నీ ఒకే తీరున పరుచుకుంటాయి. నెట్టేది పాత చెయ్యే. పాత బలమే. కాని ఇక మంచు ఎదురు నిలవదు. ఎన్నో రెట్లు సులువుగా జారిపోతుంది.

అలాంటి లోతు ముక్కను అడ్డంగా కోసి నల్ల పలకల మధ్య పెడితే —

నలుపు.

తిప్పినా నలుపే.

స్ఫటికాలు లేక కాదు. అన్నీ చూసే కంటికి ఎదురుగా, ఒకే దిక్కుకు నిలబడినందుకు.

రంగంటే మాట కలవకపోవడం. నలుపంటే ఒప్పందం.

ఆ నలుపును చూసినప్పుడల్లా ఆమెకు ఇల్లు గుర్తొచ్చేది. ఎందుకో మొదట్లో తెలియలేదు.

*

ఆ ఏడు మాఘంలో మామ పోయాడు.

ఆ ఏడే కొంపల్లి నుంచి చక్రపాణి రావడం మొదలుపెట్టాడు. వెంచర్లు వేసేవాడు. తెల్లకారు, తెల్లచొక్కా, చెవి వెనక గంధపు బొట్టు. ఏనాడూ తోట అమ్మమని అడగలేదు.

అదే ఆమెకు నచ్చలేదు.

పందిరి కింద కుర్చీ వేసుకుని కాళ్లు చాపేవాడు.

"గాలంటే గిది గాలి పెద్దమ్మా. కొంపల్లిల ఏసీ పెట్టుకున్నా గింత సుఖం లేదు."

"మూటగట్టుకపో. వద్దన్ననా" అనేది సాలమ్మ.

నవ్వేవాడు. చాయ తాగేవాడు. పోయేవాడు.

ఇంకోసారి వచ్చి, "దూలపల్లి తొవ్వల రాజారావు సారు అంగూర్ తోట తీసేసిన్రు. పొద్దుగాల జూస్తే సాపు జేసినట్టున్నది" అన్నాడు. అంతే. మీరూ తీసేయండి అనలేదు. ఉత్త సంగతి చెప్పాడు.

సంగతి మీద సంగతి. చాయ మీద చాయ.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. రోజారాణి ఫ్రీజర్ల మీద దుప్పట్లు, గోనెసంచులు కప్పుతుంటే చక్రపాణి చల్లగది గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దూలపల్లి షెడ్లల్ల కరెంటు పోదు మేడం. ఫ్యాక్టరీలున్నయి గదా, ఆ లైనే వేరు."

"అద్దెకు దొరుకుతయా అక్కడ?"

"మీరు ఊ అంటే దొరకనిదేముంటది."

కరెంటు వచ్చింది. ఆమె ఆ మాట మరిచిపోయింది. ఆ పూట ఆమెకు మంచు తప్ప ఏదీ పట్టలేదు.

తర్వాత వచ్చినప్పుడు అతను ఆమెను మేడం అనలేదు. వదినమ్మా అన్నాడు.

ఎవరూ తల తిప్పి చూడలేదు. ఎప్పటి నుంచో ఉన్న చుట్టరికంలా ఆ పిలుపు ఇంట్లోకి జారి వచ్చి, కూర్చుంది.

*

దసరా పోయింది.

ద్రాక్షకు దసరా తర్వాతే కత్తిరింపు. తీగలను కురచగా కోస్తేనే కొత్త చిగురు. ఆ చిగురులోనే గుత్తి. కోయని తీగ ఆకు మీద ఆకు వేస్తుంది, పండు మాత్రం వేయదు. ఆ ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు.

కత్తిరింపు మనుషులను తెచ్చే మేస్త్రి ఇస్తారి సైకిలాపి, గేటు దగ్గర నేల మీద కాలాన్చాడు.

"ఎన్నడు రమ్మంటరు?"

రోజారాణి భర్త రాఘవేందర్ పేపరు మీంచి తలెత్తి తమ్ముడిని చూశాడు. తమ్ముడు పరమేష్ తల్లిని చూశాడు. సాలమ్మ చల్లగది గడపలో నిలబడ్డ కోడలిని చూసింది. రోజారాణి భర్తను చూసింది.

చూపు ఒక చుట్టు తిరిగి, మొదలైన చోటికే వచ్చింది.

"మంచిది. మళ్ల వస్త తియ్" అన్నాడు ఇస్తారి.

రాలేదు.

పక్క తోటలో కత్తెరల చప్పుడు వినిపించింది కొన్నాళ్లు. టక్... టక్... టక్... తర్వాత అదీ ఆగింది. అక్కడ పందిరి పలచబడి, కింద నేల మీద ఎండ గళ్లుగళ్లుగా పడింది. ఇక్కడ పందిరి కింద చీకటి అలాగే ఉంది. ఆకు మీద ఆకు.

అంటే అయిపోయిందన్న మాట.

నిర్ణయం అయిపోయింది. తనకు తెలియకుండా. తోట పోతుంది. తోటతో చల్లగది. చల్లగదితో మంచు. భూమ్మీద ఇంకెక్కడా దొరకని ఆ లోతు ముక్కలు... మేడ్చల్ ఎండలో ఒక మడుగు.

ఆమె ఆ రోజు నుంచి చూడటం మొదలుపెట్టింది.

చూసేవాళ్లకు కనిపించనిదేముంటుంది?

ఆమె వంటింట్లోకి అడుగు పెట్టగానే మాటలు ఆగేవి. అప్పటిదాకా వినిపించని చెంచాలు వినిపించేవి.

రాఘవేందర్ మన తోట అనేవాడు ఎప్పుడూ. ఒకరోజు ఫోనులో ఎవరితోనో ఆ తోట అన్నాడు. ఆ. ఎక్కడో దూరంగా, ఎవరిదో అయినట్టు.

పరమేష్ పందిరి ఇనుప తీగలు సడలితే పట్కారు పట్టుకుని ఎక్కేవాడు. ఇప్పుడు తీగలు ఉయ్యాలలా వేలాడుతున్నా కింద నుంచే నడిచి పోతున్నాడు. తల వంచుకుని.

సాలమ్మ ఇరవై ఏళ్లుగా తోట వైపు వేసుకున్న కుర్చీని ఇటు తిప్పుకుంది. తోటకు వీపు పెట్టి కూర్చుంటోంది. మొక్క మొక్కనూ చేత్తో నాటిన మనిషి.

ఒక్కొక్కరే తిరుగుతున్నారు.

కొంచెం... కొంచెం.

*

అనుమానానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆమె పనిలాంటిదే.

స్ఫటికం ఎటు చూస్తోందో తెలియాలంటే తిప్పాలి. ఒక వైపు నుంచి చూస్తే ఏదైనా అబద్ధం చెబుతుంది.

ఆమె ముందు పరమేష్‌ను తిప్పి చూసింది.

"తీగలు మస్తు దట్టమైనయి గదా పరమేష్, ఈసారి."

"నువ్వే జెప్పాలె వదినె" అన్నాడు. నవ్వాడు. నవ్వు సగంలో ఆపి, "మాదేమున్నది. పెద్దోళ్లు మీరున్నరు" అన్నాడు.

మీరు. ఆ మీరులో తానున్నదా? ఉంటే ఎందుకు?

ఆదివారం ఆమె తల్లిగారి ఇంటికి అల్వాల్ పోతూ, స్కూటర్ మీద భర్త వీపును అడిగింది. ముఖం అయితే సర్దుకుంటుంది. వీపు సర్దుకోలేదు. అది ఆమె నమ్మకం.

"చక్రపాణి ఎందుకొస్తుండు మనింటికి?"

"వస్తడు. ఎవలొద్దన్నరు?"

"మీరేమంటున్నరు ఆయనతోని?"

"నేనేమంట? నువ్వేమంటవ్?"

"నన్నెందుకు అడుగుతరు?"

"నిన్నడగక హకీంపేట మిలిట్రీ వాళ్లనడగాన్నా?"

అతని చొక్కా గాలికి ఉబ్బి ఆమె ముఖానికి తగులుతోంది. కింద వీపు ఎలా ఉందో తెలియలేదు.

ప్రశ్నకు ప్రశ్న వేసేవాడు ఏదో దాస్తాడు — అనుకుంది బొల్లారం దాటుతూ.

తాను వేసినవీ ప్రశ్నలేనని ఆమెకు తోచలేదు.

ఇంటికొచ్చాక చల్లగదిలోకి పోయింది. లోతు ముక్కను తీసి దీపం మీద పెట్టింది. నలుపు. తిప్పింది. నలుపు. ఇంకో ముక్క. నలుపు.

ఎక్కడో ఒక మూలన ఒక్క స్ఫటికం, ఆవగింజంత, తిరగకుండా మిగిలిపోయి ఉంటుంది అప్పుడప్పుడు. చుట్టూ నలుపు, మధ్యలో అది పసుపుగా. తాను ఆ స్ఫటికమేనని అనుకునేది. ఇన్నాళ్లూ.

అలా అనుకోవడం ఎంత హాయిగా ఉండేదో...

*

సాలమ్మ చల్లగదిలోకి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చింది.

కార్తీకం ఎండ ఇంకా గడపలోనే ఉంది. మామ కప్పుకున్న పాత రగ్గు నిండుగా చుట్టుకుని, ముక్కు మాత్రం బయట పెట్టి నిలబడింది.

"యమలోకం గిట్ల సల్లగుంటదని ఎవలు జెప్పలే బిడ్డా. మీ మామ ఎట్లున్నడో ఏమో."

రోజారాణి నవ్వలేదు. ఎందుకొచ్చింది? ఎవరు పంపారు?

"ఏంది నువ్వు జూసేది? నాకు సూపియ్యి."

పైపొర ముక్కను పెట్టింది. సాలమ్మ వంగి చూసింది. చాలాసేపు.

"ముగ్గు లెక్కున్నది" అన్నది. "పెండ్లికేసిన ముగ్గు."

తర్వాత లోతు ముక్కను పెట్టింది.

"దీన్ల ఏం లేదు."

"ఉన్నయి అత్తమ్మా. దాన్లకంటె ఎక్కువున్నయి. అన్నీ ఒక్క దిక్కుకే తిరిగినయి. అందుకే కనిపిస్తలేవు."

"ఎవలు తిప్పిన్రు?"

"బరువు."

"దేని బరువు?"

"మంచుదే. మీద పడ్డ మంచు బరువు."

"అంటే బయటోడు ఎవడు లేడు?"

రోజారాణి గాజు మీద చెయ్యి ఆపింది. అత్త మాటను లోపల తిప్పి చూస్తోంది. ఇది మంచు గురించేనా?

సాలమ్మ దీపం మీంచి తలెత్తలేదు. నలుపులోకి చూస్తూనే అడిగింది.

"దూలపల్లిల జాగ కుదిరిందా నీకు?"

ఫ్రీజర్ గుర్రుమంది. ఆగింది.

"నాకా? ఎవరన్నరు?"

"చక్రపాణి అన్నడు. వదినమ్మ షెడ్డు జూడమన్నది, ఇక్కడ కరెంటుతోని పరేషాన్ అయితుంది, అన్నడు. ఎండకాలంల అన్నడు. అప్పటిసంది ఇంట్ల అందరం అనుకుంటనే ఉన్నం. నీకు తోట బరువైనట్టున్నది, మేమెందుకు అడ్డముండాలె అని."

"నేను... ఒక్క మాట అడిగిన అంతే. కరెంటు పోయిన రోజు."

"ఒక్క మాటనే. మరి ఎన్ని మాటలు గావాలె?"

"అయితే కత్తిరింపు ఎందుకు ఆపిన్రు? ఇస్తారిని ఎందుకు పంపిచ్చిన్రు?"

సాలమ్మ ఇప్పుడు తలెత్తింది. రగ్గులోంచి ఆమె కళ్లు రోజారాణిని అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు చూశాయి. తిప్పి చూసినట్టు.

"మేము ఆపుడేంది? నువ్వు కోయలే."

"నేనా?"

"తొలి కోత ఇంటి ఇల్లాలిది. మీ మామ ఉన్నన్ని దినాలు నేను కోసిన. ఆయన పోయినంక నా చెయ్యి పెట్టరాదు. ఆ చెయ్యి నీది. నువ్వొక తీగ కోస్తే, ఇస్తారి మిగిలినయి కోస్తడు. నువ్వు కోయందే ఎవలు కత్తెర ముట్టరు."

"నాకు చెప్పలేదు గదా ఎవరూ."

"అడిగి కోయిపిచ్చుకునే కోత గాదది బిడ్డా. చెయ్యి దానంతట అదే రావాలె. మా అత్త నన్నడగలే. నేను నిన్నడగొద్దు. నువ్వు ఈ గదిల నుంచి ఎన్నడొస్తవా అని కుర్చీ గిటు తిప్పుకోని కూసున్న."

కుర్చీ.

చల్లగది తలుపు వైపు వేసిన కుర్చీ. తోటకు వీపు పెట్టిందని లెక్క వేసిందే తప్ప, ముఖం ఎటు పెట్టిందో ఆమె చూడలేదు.

"నువ్వు రాలే. నువ్వు రాకపోతే రాఘవ అనుకున్నడు, దానికి ఇష్టం లేదని. రాఘవ అడగకపోతే చిన్నోడు అనుకున్నడు, అన్నకు ఇష్టం లేదని. ఆళ్లిద్దరు సప్పుడు జేయకపోతే నేననుకున్న..."

ఆగింది. రగ్గు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"రేపు చక్రపాణి టేపు పట్టుకొని కొలతలకొస్తుండు. రాఘవ రమ్మన్నడు. నీకోసమే రమ్మన్నడు."

"ఇప్పుడు నాకు చెప్పిన్రు గదా అత్తమ్మా. అడిగినట్టే గదా."

"నేనడగలే" అన్నది సాలమ్మ. "సల్లగున్నది పోతున్న."

*

నమ్మాలా?

నమ్మడానికి అంతా అమరింది. మరీ అమరింది. అదే ఇబ్బంది.

ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్పింది? దసరా నాడు చెప్పొచ్చు. ఇస్తారి గేటు దగ్గర నిలబడ్డ నాడు చెప్పొచ్చు. ఇప్పుడు కోస్తే పండు ఎండాకాలం నడుమ దిగుతుంది. చైత్రంలో రాళ్లవాన ఉంటుంది. గుత్తులు పగిలి, తోట పులిసి, ఈగలు ముసిరితే — ఎవరి చెయ్యి కోసిందని అడుగుతారు?

కోడలి చెయ్యి.

కోయకపోతే? కోయని చెయ్యి ఎవరిదని అడుగుతారు?

కోడలిదే.

ఆ ఇంట్లో ఇంకో మాట కూడా ఉంది. అది ఆమెకు తెలుసు. కత్తెర పడ్డ తోటను పండు దిగేదాకా ఎవరూ అమ్మరు, ఎవరూ కొలవరు. కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించినట్టని మామ అనేవాడు. చక్రపాణికీ తెలుసు. ఈ పక్క ద్రాక్ష పెంచినవాళ్లందరికీ తెలుసు.

ఒక్క తీగ.

ఒక్క తీగ కోస్తే కొలతలు ఆగుతాయి. చల్లగది నిలుస్తుంది. కనీసం వేసవి దాకా.

ఆమె ఫ్రీజర్ మూత మీద చేతులు ఆనించి కూర్చుంది. చేతి తొడుగుల్లోంచి చలి ఎక్కుతోంది.

అందరినీ తిప్పి చూసింది. పరమేష్‌ను, రాఘవేందర్‌ను, అత్తను.

ఇంకొకరు మిగిలారు.

దూలపల్లి షెడ్డు. దానికి నీలం రంగు షట్టర్ ఉంటుందని ఆమెకు ఎలా తెలుసు? ఎప్పుడూ చూడలేదు. లోపల ఫ్రీజర్లు ఏ గోడకు పెట్టాలో, దీపం బల్ల ఎక్కడ వేయాలో, కరెంటు పోని గదిలో ఆగని ఆ హోరు ఎలా వినిపిస్తుందో... ఎన్నిసార్లు అనుకుంది? బస్సులో. వంట చేస్తూ. నిద్ర పట్టే ముందు.

మరిచిపోయానని అనుకున్న మాట లోపల ఒక గది కట్టుకుంది.

కొంచెం... కొంచెం.

ఏ స్ఫటికాన్నయినా దాని నిలువుకు ఎదురుగా చూస్తే నలుపే కనిపిస్తుంది. తనను తాను చూసుకునేవాళ్లు ఎప్పుడూ అక్కడి నుంచే చూస్తారు.

అయితే ఆ ఇంట్లో తోట పోవాలని కోరుకున్నది ఎవరు? ఒక్కరు... ఎవరో ఒకరు... మొదట తిరిగి ఉండాలి కదా?

*

పొద్దున తెల్లకారు వచ్చింది.

చక్రపాణి దిగాడు. వెనక ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో టేపు చుట్ట.

"రాఘవేందరన్నా, పెద్దమ్మా, అందరున్నరు. మంచిగైంది" అన్నాడు. "వదినమ్మేది?"

వదినమ్మ పందిరి కింద ఉంది.

స్వెట్టర్లు లేవు. కొట్టంలో మేకుకు వేలాడుతున్న కత్తెర చేతిలో ఉంది. దానికి పోయిన ఏటి జిగురు ఎండిపోయి ఉంది. ఎలా పట్టుకోవాలో సరిగా తెలియలేదు. మంచును చెక్కే చేతికి తీగ కొత్త.

ఆకులు ముఖానికి తగులుతున్నాయి. ఆకుల సందుల్లోంచి వసారా కనిపిస్తోంది. రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. పరమేష్ మెట్టు మీద ఆగాడు. సాలమ్మ కుర్చీలోనే ఇటు మళ్లి కూర్చుంది.

ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

ముగ్గురూ ఒకే దిక్కు.

కోయమని చూస్తున్నారా? కోయొద్దని చూస్తున్నారా? ఇంత దూరం నుంచి ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి. ఏ వెలుగూ వాటిలోంచి రావడం లేదు.

"వదినమ్మా" చక్రపాణి గొంతు మెత్తగానే ఉంది. "ఎందుకు కష్టం. ఆలిశమైంది గదా ఇగ. దూలపల్లిల మీ షెడ్డు తాళంచెవి తెచ్చిన."

మీ షెడ్డు.

ఆమె ఒక తీగను పట్టుకుంది. వేలి లావుంది. గోధుమరంగు తోలు కింద పచ్చి. ఎక్కడ కోయాలి? చిగురు లేచే ఏ కన్ను పైన? ఎన్ని కన్నులు ఉంచాలి? ఇన్నేళ్లలో అత్త చెయ్యి కోస్తుంటే చూసింది. చూడటం వేరు.

అడగొచ్చు. వసారాలో అత్త ఉంది. ఒక్క మాట అడగొచ్చు.

అడగలేదు.

టక్.

తీగ తెగి, ఆకులతో సహా పందిరి మీంచి జారి, ఆమె భుజం మీద పడి, కిందికి పోయింది. అది పోయిన చోట పైన ఒక సందు పడింది. ఆకాశం, చెయ్యంత.

టేపు మనిషి టేపును సంచిలో పెట్టుకోలేదు. విప్పనూ లేదు. చక్రపాణి వసారా వైపు చూశాడు. రాఘవేందర్ తల్లి వైపు చూశాడా, తమ్ముడి వైపు చూశాడా — ఆమె చూడలేదు. ఆమె కోసిన చోటునే చూస్తోంది.

అడుగులు వినిపించాయి. ఎండుటాకుల మీద, తొందర లేని అడుగులు. దగ్గరికి వచ్చి, ఆమె వెనక ఆగాయి.

భుజం పక్క నుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. అరచెయ్యి పైకి. రాఘవేందర్ చెయ్యి.

కత్తెర కోసం.

తర్వాతి తీగ కోయడానికో. కత్తెర తీసుకుపోయి మేకుకు తగిలించడానికో.

"ఇయ్యి" అన్నాడు. మెల్లగా. ఆ గొంతులో ఏముందో ఆమె వినడానికి ప్రయత్నించింది. పన్నెండేళ్లుగా తెలిసిన గొంతు.

వెనక్కి తిరిగితే ముఖం కనిపిస్తుంది.

ఆమె తిరగలేదు. కత్తెర చేతిలోనే ఉంది. అతని అరచెయ్యి గాలిలో అలాగే ఉంది.

కోసిన తీగ మొనకు నీరు ఊరుతోంది. ముందు తడి. తర్వాత ఒక మెరుపు. తర్వాత చుక్క — గుండ్రంగా, నిండుగా, తన బరువు తనకే తెలుస్తున్నట్టు వణుకుతూ...

ఇంకా ఎటూ జారలేదు.